ఎలుకలకు పూలు పెడతానన్న మనిషి

ప్రశ్న: మాది అనంతపురానికి దగ్గరి పల్లె. మా ఆయన పందొమ్మిదేండ్లుగా ఒక ఫార్మసీ కాలేజీలో యానిమల్ హౌస్ చూసుకుంటున్నారు. ప్రయోగాల కోసం పెంచే ఎలుకలకు, చిట్టెలుకలకు, కుందేళ్లకు మేత వేయడం, బోనులు కడగడం, కింద పరిచిన వరిపొట్టు మార్చడం ఆయన పని. ఆదివారమైనా పండగైనా ఒకసారి వెళ్లి చూసి రావలసిందే. ప్రయోగం ముగిసిన రోజు ఆ జంతువులను చంపుతారు. వాటిని పట్టుకొని అందించేది మా ఆయనే. ఆ రోజు ఇంటికి వచ్చి తలస్నానం చేసి, అన్నం ముట్టకుండా పడుకుంటారు. పోయిన నెల ఆయన కాలేజీలో ఒక మాట అడిగారట. యానిమల్ హౌస్ వెనక వేపచెట్టు కింద ఒక రాయి నాటి, ఏడాదికి ఒకరోజు ఆ జీవాల పేర పూలు పెట్టుకుంటానని. అక్కడున్నవాళ్లు నవ్వి, "ఎలుకలకు దినం చేస్తావా" అన్నారట. మా అన్న అయితే ఇది పాపపు కూడని, మానుకొమ్మని పోరుతున్నాడు. కూతురికి సంబంధాలు చూస్తున్నాము. అడిగినవాళ్లకు నేను "కాలేజీలో అటెండరు" అని మాత్రమే చెబుతున్నాను. ఆయన కోరిక పిచ్చిదా? ఆయన చేస్తున్నది పాపమా? నేను ఆయనకు ఎట్లా తోడుండాలి? మరొకటి, రెండేండ్లుగా ఆయనకు పగలు తుమ్ములు, రాత్రి దగ్గు. చలికాలం పోయినా తగ్గడం లేదు.
— ఒక సోదరి, అనంతపురం జిల్లా

జవాబు:

అమ్మా,

నేను చాలా ఏళ్లు ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎట్లా పనిచేస్తాయో చెప్పే పాఠం చెప్పి, ఇప్పుడు కర్నూలులో విశ్రాంతిగా ఉన్నవాణ్ణి. మీ ఆయన వంటివారు పట్టి అందించిన జంతువులతోనే నా చదువూ సాగింది, నా ఉద్యోగమూ గడిచింది. కనుక మీ ఉత్తరానికి తీరిగ్గా సలహా చెప్పే అర్హత నాకు ఎంత ఉందో, జవాబు చెప్పుకోవలసిన బాధ్యత అంతకంటే ఎక్కువ ఉంది.

ముందుగా ఆయన కోరిక సంగతి. నవ్వినవాళ్లకు తెలియదు గానీ, ఆయన అడిగిన పనిని ప్రపంచంలో పెద్ద పెద్ద పరిశోధన సంస్థలు ఎప్పటినుంచో చేస్తున్నాయి. జపానులో విశ్వవిద్యాలయాలూ మందుల కంపెనీలూ ఏటా ఒక రోజు పెట్టుకొని, ఆ సంవత్సరం ప్రయోగాల్లో ప్రాణం పోయిన జంతువుల కోసం సంస్మరణ జరుపుతాయి. ఆచార్యులు, విద్యార్థులు, జంతువులను సాకిన పనివారు వరుసగా వచ్చి పూలు ఉంచి తలవంచి వెళతారు. కొరియాలోనూ ఈ ఆచారం ఉంది. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, కుక్కల మీద ప్రయోగాలతో పేరుపొందిన శాస్త్రవేత్త పావ్లోవ్ పనిచేసిన సంస్థ ఆవరణలో, ప్రయోగశాల కుక్కకు 1935లోనే స్మారకం కట్టారు. అదే దేశంలో నొవొసిబిర్స్క్ నగరంలోని జన్యుశాస్త్ర సంస్థ దగ్గర 2013లో ప్రయోగశాల చిట్టెలుకకు కంచు విగ్రహం నిలిపారు. ముక్కు మీద కళ్లద్దాలు పెట్టుకున్న ముసలి చిట్టెలుక సూదులతో ఏదో అల్లుతూ ఉంటుంది. అల్లుతున్నది ఉన్ని కాదు, మెలికలు తిరిగిన డీఎన్‌ఏ పోగు. ఈసారి ఎవరైనా నవ్వితే, ఆ విగ్రహం బొమ్మను మీ అమ్మాయి చేత ఫోనులో తీయించి, మీ ఆయనను చూపించమనండి.

ఇక పాపం మాట. పాపపుణ్యాల తీర్పు నా పని కాదు. అయితే ఎవరి పని ఎవరి ఖాతాలో పడుతున్నదో చెప్పగలను. మన దేశంలో 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, దాని కింద 1998లో వచ్చిన నియమాల ప్రకారం, ఏ జంతువు మీద ఏ ప్రయోగం చేయాలన్నా ఆ సంస్థలోని జంతు నైతిక సంఘం ముందుగా అనుమతించాలి. ఆ సంఘంలో శాస్త్రవేత్తలతో పాటు పశువైద్యుడు ఒకరు, బయటి సంస్థ శాస్త్రవేత్త ఒకరు, శాస్త్రంతో సంబంధం లేని సామాజిక స్పృహ గల వ్యక్తి ఒకరు, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ పంపిన ప్రతినిధి ఒకరు ఉంటారు. ఎన్ని జంతువులు కావాలో, ఎందుకు అన్ని కావాలో, చివరికి వాటిని ఏమి చేస్తారో పరిశోధకుడు రాసి సంతకం పెట్టాలి. మీ ఆయన ఆ కాగితం మీద ఎక్కడా లేరు. నిర్ణయం వాళ్లది, చేయి మాత్రం ఆయనది. మీ అన్నగారు జ్వరానికో రక్తపోటుకో వేసుకునే బిళ్ల కూడా మనిషి దాకా వచ్చే ముందు జంతువుల మీదుగానే వచ్చింది. ఇది పాపపు కూడే అయితే, ఆ పంక్తిలో విస్తరి ముందు కూర్చున్నవాళ్లలో మనమందరమూ ఉన్నాము. వడ్డించినవాడి ఒక్కడి మీదనే నింద వేయడం న్యాయం కాదు.

ఇట్లా చెప్పినంత మాత్రాన ఆయన మనసు తేలికపడదని నాకు తెలుసు. పిల్లగా ఉన్నప్పటినుంచి మేత వేసి, అడుగుల చప్పుడు వినగానే బోను ముందుకు వచ్చే జీవాన్ని పట్టి ఇచ్చే చేతికి తప్పు నీది కాదని చెబితే సరిపోదు. ప్రయోగశాలల్లో ఆ చంపడాన్ని ఇంగ్లీషులో 'శాక్రిఫైస్' అంటారు. మేమూ అదే అనేవాళ్లం, "ఈరోజు ఆరు ఎలుకల్ని శాక్రిఫైస్ చేశాం" అని, బజారు నుంచి ఆరు నిమ్మకాయలు తెచ్చామన్నంత మామూలుగా. తెలుగులో ఆ మాటకు అర్థం బలి. మన రాయలసీమ పల్లెల్లో అమ్మవారికి పొట్టేలును ఇచ్చేటప్పుడు కూడా మెడలో దండ వేసి, తల మీద నీళ్లు చల్లి, అది ఒళ్లు విదిలించేదాకా ఆగుతారు. నేను జంతుబలిని సమర్థించడం లేదు. కానీ అక్కడ ఒక్క క్షణమైనా ఊరంతా ఆ జీవం వైపు చూస్తుంది. ప్రయోగశాల వాళ్లు మాటను మాత్రం తెచ్చుకొని, ఆ క్షణాన్ని వదిలేశారు. మీ ఆయన వేపచెట్టు కింద వెతుక్కుంటున్నది ఆ క్షణాన్నే అని నాకు అనిపిస్తున్నది.

ఆ జీవాలు ఏమి ఇచ్చాయో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. మీ జిల్లాలో బుడ్డల చేనికి పోయిన మనిషి పాము కరిచి ఆసుపత్రికి వస్తే ఎక్కించే విషవిరుగుడు మందు గుర్రాల నెత్తుటిలోంచి వస్తుంది. తమిళనాడులో పాములు పట్టే ఇరుళ తెగవారి సహకార సంఘం వంటి చోట పాముల నుంచి తీసిన విషాన్ని, గుర్రానికి ప్రాణహాని కలగనంత కొద్దికొద్దిగా, వారాల తరబడి మోతాదు పెంచుతూ ఎక్కిస్తారు. దాని ఒంట్లో ఆ విషాన్ని విరిచే ప్రతిరక్షకాలు తయారయ్యాక నెత్తురు తీసి, అందులోంచి మందును వేరుచేసి శుద్ధి చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ ఒకే సీసా పనిచేయడం వెనక ఉన్నది ఆ గుర్రమే. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్న తరం మాది. ఆ టీకాను గొర్రె మెదడులో తయారుచేసేవారు, మన దేశంలో దాని తయారీ 2004 చివరి దాకా సాగింది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో బోదకాలు వ్యాధికి ఇచ్చిన హెట్రజాన్ మందు కూడా మొదట ఫైలేరియా పురుగు సోకిన ఒక జాతి ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షకు నిలిచి ఆ తర్వాతే మనుషుల దగ్గరికి వచ్చింది. సుబ్బారావు గారి పేరు మనం గర్వంగా చెప్పుకుంటాము. ఆ ఎలుకలను సాకినవారి పేర్లు ఎవరికీ తెలియవు.

అయితే ఈ కృతజ్ఞతను నేను సాకుగా వాడుకోదలచలేదు. గుర్రం ఇచ్చిన దానికీ, నేను విద్యార్థిగా ఉన్నప్పుడు చంపిన కప్పలకూ పోలిక లేదు. ఆ రోజుల్లో ప్రతి విద్యార్థీ ఒక కప్పను తీసుకొని, దాని మెదడులో సూది గుచ్చి, పొట్ట కండరాన్ని కోసి వేలాడదీసి, కండరాన్ని ముడిచే రసాయనమైన అసిటైల్‌కోలిన్ వేస్తే అది ఎట్లా ముడుచుకుంటుందో పొగబట్టిన డ్రమ్ము మీద గీత గీయించాలి. ఆ గీత పుస్తకంలో అచ్చయి ఉంది, ముందు సంవత్సరం వాళ్ల రికార్డులోనూ ఉంది. కొత్తగా తెలిసింది ఏమీ లేదు. నేను అధ్యాపకుణ్ణయ్యాక కూడా చాలాకాలం అదే చేయించాను. ఇప్పుడు పుదుచ్చేరి జిప్మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ వంటి కంప్యూటర్ ప్రోగ్రాములలో బి.ఫార్మసీ పిల్లలు అదే పాఠం కప్ప లేకుండా నేర్చుకుంటున్నారు, మాకంటే తక్కువేమీ నేర్చుకోవడం లేదు. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. కొత్త మందుల విషయంలో కూడా జంతువులు లేని పద్ధతులకు 2023లో నియమాలలో చోటు కల్పించారు. రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1959లోనే చెప్పిన మాట ఇది: జంతువుకు బదులు వేరే దారి ఉంటే వెతకాలి, లేకపోతే సంఖ్య తగ్గించాలి, అదీ కుదరకపోతే బాధైనా తగ్గించాలి. మన దేశపు కమిటీ దానికి ప్రయోగం తర్వాత పునరావాసం అనే నాలుగో మాట కలిపింది. మీ ఆయన రాయి నాటుతానంటే, ఆ రాయి ముందు పరిశోధకులు చదవవలసినది ఈ నాలుగు మాటలనే.

వీటిలో మూడోదైన బాధ తగ్గించడం అధ్యాపకుడి చేతిలో కంటే మీ ఆయన చేతిలోనే ఎక్కువగా ఉంది. చిట్టెలుకను తోక పట్టి ఎత్తితే అది బెదిరిపోతుందని, గొట్టంలోకి రానిచ్చి గానీ రెండు దోసిళ్లలో గానీ ఎత్తితే బెదురు చాలా తగ్గుతుందని 2010లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. బెదిరిన జంతువు రక్తపోటు వేరు, హార్మోన్లు వేరు. దాని మీద చేసిన ప్రయోగం ఫలితమూ వేరు. అంటే మంచి చేతులు లేని చోట మంచి శాస్త్రం లేదు. గది వేడి 29 డిగ్రీలు దాటకూడదని మన కేంద్ర కమిటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అనంతపురం మే నెలలో కరెంటు పోతే ఆ గది ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? అప్పుడు పరుగెత్తి జనరేటరు వేయించేది, నీళ్ల సీసాలు నిండాయో లేదో చూసేది, ఏ ఎలుక వెంట్రుకలు నిక్కపొడుచుకొని మూలకు ముడుచుకున్నదో పశువైద్యుడి కంటే ముందుగా కనిపెట్టేది ఆయనే. ఈ పనికి శిక్షణ ఇచ్చే చోట్లు ఉన్నాయి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో ఏళ్ల తరబడి ఇచ్చారు. ఇప్పుడు ఎక్కడ ఇస్తున్నారో కనుక్కొని, ఆయనను అక్కడికి పంపమని కళాశాలను అడగవచ్చు. పందొమ్మిదేళ్ల అనుభవానికి ఒక ధృవపత్రం తోడైతే జీతం అడగడానికి నోరు వస్తుంది. సన్మానం అంటే శాలువా ఒక్కటే కాదు గదా.

జంతువులను చంపే రోజు గురించి కళాశాలతో మాట్లాడవలసినవి రెండు మూడు ఉన్నాయి. ఆ రోజు ఎప్పుడో ఆయనకు వారం ముందే తెలియాలి, పొద్దున పోయాక కాదు. తాను పెంచినవాటిని తానే పట్టి ఇవ్వాలన్న నిర్బంధం ఉండకూడదు. ఇద్దరు పనివారుంటే మార్చుకోవచ్చు, లేదా ఆ పరిశోధన చేసే విద్యార్థే స్వయంగా తీసుకెళ్లాలి. తన థీసిస్ కోసం పోయే ప్రాణాన్ని తన చేతులతో పట్టుకోవడం ఆ విద్యార్థికి కూడా మంచి పాఠమే. కొందరు మాత్రం పరాయి చేతుల్లో బెదురుతుందని, చివరి దాకా తామే పట్టుకుంటామంటారు. మీ ఆయన అటువంటివారైతే ఆయన ఇష్టాన్ని కాదనకండి. ఏ పద్ధతి కావాలో ఆయనను అడగడమే ముఖ్యం. ఈ పందొమ్మిదేళ్లలో ఒక్కరూ అడిగి ఉండరు.

ఇంట్లో మీరు చేయగలిగింది ఎక్కువ లేదు, ఉన్నది తక్కువా కాదు. ఆ రోజు తలస్నానాన్ని, ఉపవాసాన్ని చాదస్తమనకండి. అది ఆయన తనకు తానే కల్పించుకున్న మైల విధి. మరునాడో ఆ మరునాడో, "ఏం జరిగింది" అని కాకుండా, "ఆ కుందేలు ఎట్లా ఉండేది" అని అడిగి చూడండి. చావు గురించి చెప్పలేని మనిషి బతుకు గురించి చెప్పగలడు. అన్నం ముట్టని రోజు ఒకటి కాస్తా మూడు నాలుగైనా, నిద్ర పట్టకపోయినా, లేని తాగుడు అలవాటు మొదలైనా, ఊరుకోకండి. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మనసు అలసిపోవడం జంతువులను సాకే వృత్తిలో తెలిసిన విషయమే. ఆయన పిరికితనం కాదు.

రాయి గురించి కొన్ని ఆచరణ మాటలు. చనిపోయిన జంతువులను ఆ చెట్టు కింద పాతిపెట్టడం కుదరదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం అవి పసుపు సంచిలో, మామూలుగా కాల్చివేతకు, పోవలసిందే. కనుక ఆ రాయి గుర్తుగా మాత్రమే ఉంటుంది. అగరొత్తులు, కర్పూరం, సాంబ్రాణి యానిమల్ హౌస్ దరిదాపుల్లో వద్దు. ఆ జీవాలు వాసన మీదనే బతుకుతాయి, పొగ వాటిని బాధిస్తుంది, ప్రయోగాన్నీ చెడగొడుతుంది. పూలు, మౌనం చాలు. ఒక మతం తంతుగా కాకుండా చేస్తే కళాశాలలో అన్ని రకాల వాళ్లూ వచ్చి నిలుస్తారు. రోజు కావాలంటే ఏప్రిల్ 24 ఉంది, ప్రయోగశాల జంతువుల దినంగా చాలా దేశాల్లో పాటిస్తారు. ఆ రోజు యానిమల్ హౌస్ రిజిస్టరు తెచ్చి, ఆ ఏడు ఎన్ని జంతువులు వచ్చాయో, ఎన్ని పోయాయో, ఏమి తెలిసిందో పరిశోధకులు పైకి చదవాలని నా కోరిక. చదవడానికి మొహమాటపడే అంకె ఉంటే, మరుసటి ఏడు అది తగ్గుతుంది. ఇదంతా ప్రిన్సిపాలు గారిని వరండాలో పట్టుకొని అడిగితే కాదు. పశువైద్యుడి ద్వారా నైతిక సంఘం సమావేశంలో ఒక అంశంగా పెట్టించండి. కాగితం మీదికి ఎక్కిన కోరికను నవ్వి తీసేయడం అంత తేలిక కాదు.

నా సంగతి ఒకటి చెబుతాను. మీ ఉత్తరం చదివాక నా పాత థీసిస్ తీసి కృతజ్ఞతల పేజీ చూశాను. గైడు గారు, డిపార్టుమెంటు పెద్దలు, టైపు చేసిపెట్టినవారు, పుస్తకాలు ఇచ్చిన లైబ్రేరియన్, అందరూ ఉన్నారు. మూడేళ్లు నా కుందేళ్లను సాకిన పెద్దమనిషి లేడు. ఆయనను మేమందరం "పెద్దాయనా" అని పిలిచేవాళ్లం. పేరు అడిగిన గుర్తు లేదు. నాకు చెవి దగ్గర సిర దొరకక కుందేలును నాలుగుసార్లు పొడిస్తే, ఆయన నా చేతిలోంచి సూది తీసి పక్కన పెట్టి, కుందేలు కళ్ల మీద తువ్వాలు కప్పి, అది ఊపిరి కుదుటపడేదాకా నన్ను ఆగమన్నాడు. నేను ఆ తర్వాత ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన మెళకువ అదే. మీ ఆయన కళాశాలలో ఈసారి థీసిస్ రాసే పిల్లలు ఎవరైనా ఇది చదివితే, ఆయన పూర్తి పేరు అడిగి రాసుకోవాలి.

ఇప్పుడు మీరు ఉత్తరం చివర రెండు ముక్కల్లో రాసి వదిలేసిన తుమ్ములు, దగ్గు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. ఎలుకలు, కుందేళ్ల మూత్రంలో, లాలాజలంలో, వాటి చర్మం నుంచి రాలే పొట్టులో ఉండే ప్రొటీన్లు గాలిలో ధూళితో కలిసి ఏళ్ల తరబడి ఊపిరిలోకి పోతే కొందరికి అలర్జీ వస్తుంది. ముందు తుమ్ములు, కళ్ల దురద, చర్మం మీద దద్దుర్లు, తర్వాత రాత్రి దగ్గు, పిల్లికూతలు, చివరికి ఉబ్బసం. సెలవు మీద నాలుగు రోజులు ఇంట్లో ఉంటే తగ్గి, పనికి పోగానే మళ్లీ మొదలవుతున్నదా అని గమనించండి. బోనులు కడిగేటప్పుడు, వరిపొట్టు పారబోసేటప్పుడు మామూలు గుడ్డ కాకుండా మంచి ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, అక్కడే విడిచి అక్కడే ఉతికించే పని బట్టలు ఇవ్వడం కళాశాల బాధ్యత. మార్గదర్శకాల్లో సిబ్బంది పరిశుభ్రత గురించి ఉంది, మీ ఆయన దయాధర్మంగా అడగనక్కరలేదు. ఆ బట్టలు ఇంటికి తేనివ్వకండి.

ఈ వారంలోనే అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి ఛాతీ డాక్టరుకు చూపించండి, గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల బలం చూసే పరీక్ష చేయమని అడగండి. ఆ డాక్టరు మొదట ఏం పని చేస్తారని అడుగుతారు. అప్పుడు మాత్రం కాలేజీలో అటెండరని చెప్పకండి. పందొమ్మిదేళ్లుగా ఎలుకలను, కుందేళ్లను సాకుతున్నారని చెప్పండి.